మొదటి భాగంలో అయితేనా!

సనో అన్నకి ఈ లోకంలో రెండోది ఏదీ నచ్చేది కాదు. రెండో కప్పు కాఫీ, రెండో ఆట, రెండో పెళ్ళి, ఏది ఎదురొచ్చినా కనుబొమలు పైకెత్తి, గొంతు సవరించుకుని, "మొదటి భాగంలో అయితేనా..." అని అందుకునేవాడు. అది అందుకున్నాడంటే పక్కనున్నవాళ్ళు మెల్లిగా చెప్పులు వెతుక్కునేవారు.

మాకు రెండోవాడు పుట్టినప్పుడు చూడటానికి వచ్చాడు. పసివాడిని చేతుల్లోకి తీసుకుని, దీపం దగ్గరికి నడిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముక్కు మొదటి భాగంలోనే బాగా వచ్చింది చరూన్," అన్నాడు నాతో. అప్పుడే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. "సౌండు మాత్రం దీనికే బాగా కుదిరింది."

మా ఆవిడ బాలింతరాలై ఉండి కూడా చీపురు కోసం మంచం కింద వెతికింది.

మా ఊరి పెద్ద లేకలేక రెండో పెళ్ళి చేసుకుంటే, ఆ విందులో కూడా ఇదే తంతు. పెళ్ళికొడుకు మురిసిపోతూ వచ్చి "ఎలా ఉంది సనో?" అని అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. "కథ అదేనండి. హీరోకే వయసు మీద పడింది," అన్నాడు సనో అన్న. మా బల్లకి ఆ రోజు చేపల పులుసులో తోక ముక్కలు తప్ప ఇంకేవీ రాలేదు.

ఇంతకీ ఆయన పని ఏమిటో చెప్పలేదు కదూ. మాది ఊరూరా తిరిగి మైదానాల్లో తెరకట్టి సినిమాలు వేసే కంపెనీ. నేను ప్రొజెక్టరు నడిపేవాడిని. ఆ రోజుల్లో బాంకాక్ నుంచి మా ఫెచ్చబురి వైపు వచ్చే రీళ్ళలో బొమ్మే తప్ప మాట ఉండేది కాదు. మాటలన్నీ మైకు ముందు కూర్చున్న ఒక్క మనిషే అప్పటికప్పుడు చెప్పాలి. హీరో ఆయనే, హీరోయిన్ ఆయనే, అత్తగారు ఆయనే, వాకిట్లో కుక్క కూడా ఆయనే. సనో అన్న హీరోయిన్ గొంతుతో ఏడిస్తే పెద్ద పెద్ద పడవల సరంగులు కళ్ళు తుడుచుకునేవారు. ఆ గొంతు ఉండబట్టే జనం ఆయన నోటిని కూడా భరించారు.

అయితే దెయ్యం సినిమా వేశామా, ఆ నోటికి పగ్గాలుండేవి కావు. సరిగ్గా దెయ్యం రాబోయే ముందు, జనం ఊపిరి బిగబట్టిన వేళ, దెయ్యం గొంతుతోనే మొదలుపెట్టేవాడు: "ఇదిగో వచ్చేస్తున్నాను, కిటికీ దగ్గరున్నాను. మొదటి భాగంలో అయితేనా, దర్జాగా గుమ్మంలోంచి వచ్చేదాన్ని. ఈ డైరెక్టరు చేతిలో పడ్డాక కిటికీలు ఎక్కాల్సి వస్తోంది. ఈ వయసులో మోకాళ్ళు సహకరించొద్దూ?" జనం విరగబడి నవ్వుతుంటే పాపం దెయ్యం వచ్చేది. గోళ్ళు చాపేది, నాలుక చాపేది, ఎవరికీ పట్టేది కాదు. పోయేటప్పుడు మర్యాదగా "సరే, వెళ్ళొస్తానండీ. ఇక చూడొచ్చు," అని చెప్పి మరీ పోయేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అన్నా, ఈ సినిమాకి అసలు మొదటి భాగమే లేదు కదా. దేంతో పోలుస్తున్నావు?"

"లేకపోవడమే దీని లోపం," అన్నాడు తడుముకోకుండా.

మా కంపెనీ యజమానురాలు కింలాన్ అక్క. తండ్రి పోయాక కంపెనీ ఆవిడ చేతికి వచ్చింది. ఆవిడ అడుగుల చప్పుడు వింటే లారీ డ్రైవరు నిద్రలోంచి లేచి నిలబడేవాడు. బేరం ఆడటానికి వచ్చినవాళ్ళు ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఆవిడ చెప్పిన మొత్తానికే తలూపి వెళ్ళేవాళ్ళు. ఆట నడుస్తున్నంతసేపూ మైకు పక్కనే, ఆంప్లిఫయరు బల్ల దగ్గర కూర్చుని పుచ్చగింజలు కొరికేది. తెర మీద దెయ్యం ఎవరి పీకో కొరుకుతుంటే ఈవిడ తల వంచుకుని గింజలు ఏరుకునేది. దెయ్యాలను ఇంత చులకనగా చూసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆవిడ ఎదురుపడితే దెయ్యమే దారి ఇచ్చి పక్కకి తప్పుకుంటుందని మేమందరం నమ్మేవాళ్ళం.

ఇలా ఉండగా సెంగ్ షావుకారు వచ్చాడు. చేపల పడవలున్న ఆసామి. తుఫానులో చిక్కిన ఆయన పడవలన్నీ క్షేమంగా ఒడ్డు చేరాయి. అందుకు రేవు దగ్గరి దేవరకి సినిమా మొక్కుకున్నాడు. మా వైపు దేవరలకి కోడినీ పందినీ పెట్టినా, సినిమా అంటేనే ప్రాణం. తెరని గుడికి ఎదురుగా కట్టాలి, ముందు వరస కుర్చీలు దేవరకీ ఆయన పరివారానికీ ఖాళీగా వదలాలి, మొదలుపెట్టిన ఆటని మధ్యలో ఆపకూడదు. ఆపితే మొక్కు చెల్లదు. మొక్కు చెల్లకపోతే పడవల సంగతి దేవరకే తెలియాలి.

"నిరుడు 'అరటితోట దెయ్యం' వేయించాను," అన్నాడు షావుకారు, టీ కప్పు ముట్టుకోకుండా. "ఈసారి దాని రెండో భాగం. 'మళ్ళీ అరటితోట దెయ్యం'. కానీ ఒక్క షరతు. మీ సనో నోరు కట్టేయాలి."

"ఏం చేశాడండీ?"

"ఏం చేశాడా? భయపెట్టమని నేను సినిమా వేయిస్తే ఊరంతా పడిపడి నవ్వింది. దేవర ఏమనుకుంటాడు? సెంగ్‌గాడు నాతో వేళాకోళమాడాడు అనుకోడూ? ఈసారి ఒక్క పోలిక వినపడిందా, వచ్చే ఏడు నుంచి పక్క జిల్లా రాచ్చబురి కంపెనీ వాళ్ళని పిలుస్తా. వాళ్ళ రీళ్ళలో మాటలు రికార్డయి వస్తాయట. మైకు మనిషితో పనే లేదట."

ఆ మాట అక్కకి ముల్లులా గుచ్చుకుంది. ఆ కొత్త రీళ్ళు ఒక్కో ఊరే తినుకుంటూ వస్తున్నాయి. షావుకారు అటు పోతే రేవులో మిగతావాళ్ళూ అటే పోతారు. ఆయన వెళ్ళగానే సనో అన్నని పిలిపించింది.

"విన్నావుగా అన్నా. ఈసారి ఉన్న మాటలు ఉన్నట్టు చెప్పు. పోలికలొద్దు."

సనో అన్న మొహం వాడిపోయింది. "అమ్మాయిగారూ," అన్నాడు. ఆవిడని పసిపిల్లగా ఎరిగినవాడు కాబట్టి ఆయనకి ఆవిడ ఎప్పుడూ అమ్మాయిగారే. "ఆ రెండో భాగం సంగతి మీకు తెలీదు. మొదటి దాంట్లో ఆవిడ అసలు రాదండీ. ఒక్క దీపం, ఒక్క అరటాకు. ఆకు కదులుతుంది. గాలే కదా అనుకుంటాం. మళ్ళీ కదులుతుంది. అప్పుడు చూస్తే గాలి లేదు. అంతే, అక్కడే గుండె జారిపోద్ది. పైగా ఆవిడది ప్రేమ కథ. మొగుడి కోసం కాచుకుని కూర్చున్న మనిషి. భయమేసినా జాలేస్తుంది. ఈ రెండో దాంట్లో ఆవిడ బాంకాక్ వెళ్ళి మేడ మీద కాపురం పెట్టింది. ఫ్రిజ్‌లోంచి వస్తుంది, బీరువాలోంచి వస్తుంది, కారు వెనక సీట్లోంచి వస్తుంది. చందాలవాళ్ళలాగా ఏ తలుపు తీసినా నిలబడే ఉంటుంది. కథ లేదు, ఉలిక్కిపాటే. ఒక్క మాట ముందు చెప్పకపోతే..."

"చెప్పకపోతే ఏమవుతుంది?"

సనో అన్న నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "జనానికి సుస్తీ చేస్తుందండీ," అన్నాడు.

"చేస్తే చేసింది. ఒక్క పోలిక నా చెవిన పడిందా, మర్నాటి నుంచి మైకు ఉండదు నీకు. వేరుశనక్కాయల బుట్ట ఇస్తాను, జనంలో తిరిగి అమ్ముకో. అక్కడ ఎంత పోల్చుకున్నా నాకు అభ్యంతరం లేదు."

నేను కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాను. సనో అన్నకి పెళ్ళాం పిల్లలు లేరు, ఇల్లు లేదు, మా గోదాములో మైకు పెట్టె పక్కనే నిద్ర. ఆ మైకు తీసేస్తే ఆయనలో ఇంకేం మిగలదని నాకు తెలుసు. నవ్వు ఎటు పోయిందో పోయింది, నాకు నిజంగా బెంగ పట్టుకుంది.

ఆట రోజు పొద్దు వాలేసరికి రేవు మైదానం నిండిపోయింది. ముందు వరస ఖాళీ కుర్చీలకి పూలదండలు వేశారు. దాని వెనక కుర్చీలో షావుకారు కొత్త చొక్కాతో కూర్చున్నాడు. అక్క యథాప్రకారం పుచ్చగింజల పొట్లం విప్పుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను దీపం వెలిగించి రీలు తిప్పాను.

మొదటి రీలంతా సనో అన్న బుద్ధిమంతుడు. హీరో మాట హీరోకి, హీరోయిన్ మాట హీరోయిన్‌కి, ఒక్క అక్షరం ఎక్కువ లేదు. జనానికి తోచలేదు.

"సనో మామకి ఒంట్లో బాలేదేమో!" అంది ఒకావిడ.

"మామా, మొదటి భాగంలో ఈ మేడ ఉండేదా?" అని వెనకనుంచి ఒకడు కవ్వించాడు.

సనో అన్న పెదవి కొరుక్కున్నాడు. అక్క గింజ కొరుకుతూ ఓరకంట చూసింది.

రెండో రీలులో వంటింటి సీను వచ్చింది. పనిమనిషి ఫ్రిజ్ వైపు నడుస్తోంది. సనో అన్నకి చెమటలు పట్టాయి. నీళ్ళు తాగాడు, దగ్గాడు, కుర్చీని కిర్రుమనిపించాడు. అప్పటికీ ఆగలేక, పనిమనిషి గొంతుతో, "ఏంటో, ఈ ఫ్రిజ్ వైపు ఎవరూ చూడకపోతేనే మంచిదేమో..." అన్నాడు.

"వేషాలొద్దు!" అని బుస్సుమంది అక్క. అలా కసురుకుంటూ తలెత్తింది. తలెత్తి నేరుగా తెర వైపు చూసింది.

ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది.

దెయ్యం సంగతి సరే, అంతకంటే పెద్ద సంగతి మా బల్ల దగ్గర జరిగింది. అక్క నోటివెంట ఒక అరుపు వచ్చింది. మనిషి గొంతులో అంత సరుకు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆవిడ మూతికి జానెడు దూరంలో మైకు ఉంది. గుంజలకి కట్టిన హారన్ స్పీకర్లన్నీ ఆ అరుపుని అందుకుని రేవంతా మోగించాయి. జనం మొత్తం లేచి అరిచారు. గుడి వెనక కుక్కలు అరిచాయి. రేవులో కట్టేసిన పడవల్లో నిద్రపోతున్నవాళ్ళు తుఫాను వచ్చిందనుకుని లంగరు తీశారు. సెంగ్ షావుకారు గాల్లోకి ఎగిరి, కిందికి వచ్చేటప్పుడు ముందు వరసలో, సాక్షాత్తూ దేవర కుర్చీలో పడ్డాడు, మెడలో పూలదండతో సహా.

నేను పక్కకి తిరిగి చూస్తే అక్క కుర్చీలో లేదు. బల్ల కింద ఉంది. రెండు చేతులతో సనో అన్న కాలిని వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. జుట్టు నిండా పుచ్చగింజలు.

కంపెనీ పరువు ఆ క్షణాన దారానికి వేలాడుతోంది. దెయ్యాల సినిమాలేసే కింలాన్ దెయ్యాన్ని చూసి బల్ల కింద దూరిందని తెలిస్తే రాచ్చబురి వాళ్ళు ఊరూరా డప్పు వేయించరూ? కానీ సనో అన్న తడబడితేనా. అక్క అరుపు ఎక్కడ ఆగిందో అచ్చంగా అదే శ్రుతిలో అందుకుని, తెర మీద నోరు తెరిచి నిలబడ్డ పనిమనిషికి అంటగట్టేశాడు. నాలుగు తిప్పులు తిప్పి, "ఓలమ్మోలమ్మో! అమ్మగోరూ! ఫ్రిజ్‌లో అరటిపళ్ళు పెట్టమంటే దెయ్యాన్ని పెట్టారేంటండీ!" అని ముగించాడు.

మైదానం చప్పట్లతో అదిరిపోయింది. "అరుపంటే అదీ!" అన్నారు. "సనో మామ గొంతే గొంతు!" అన్నారు.

బల్ల కిందనుంచి నా లాగు ఎవరో పీకారు. "చరూన్, రీలు ఆపెయ్!"

"అక్కా, మొక్కు ఆట. ఆపకూడదు."

"అది మళ్ళీ వస్తుందా?"

"రెండో భాగం కదక్కా, వస్తూనే ఉంటుంది."

ఈసారి సనో అన్న పంట్లాం కదిలింది. "అన్నా! ఎప్పుడొస్తుందో చెప్పు!"

సనో అన్న అరచేత్తో మైకు మూసి, కిందికి వంగి, మహా వినయంగా అన్నాడు: "మీరే వద్దన్నారు కదండీ అమ్మాయిగారూ."

"పోల్చు!"

"షావుకారు గారు ఒప్పుకోరేమోనండీ..."

"షావుకారుని తీసుకెళ్ళి సముద్రంలో పడెయ్! పోల్చవయ్యా నీకు పుణ్యముంటుంది!"

సనో అన్న వెన్ను నిటారుగా అయింది. చెయ్యి తీసి, గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో, ఇప్పుడు బీరువా దగ్గరికి వచ్చాను. తలుపు కిర్రుమంటుంది చూడండి. మొదటి భాగంలో అయితేనా, నాకు ఇల్లూ లేదు, బీరువా లేదు. చల్లగా అరటాకు కింద నిలబడేదాన్ని. ఇక్కడ ఇస్త్రీ బట్టల మధ్య ఊపిరాడక చస్తున్నాను, అంటే ఇదివరకే చచ్చాననుకోండి..." జనం హమ్మయ్య అన్నట్టు ఒక్కసారి ఘొల్లున నవ్వారు. బల్ల కింద అక్క తల వంచి చెవులు మూసుకుంది. బీరువా తెరుచుకుంది, దెయ్యం వచ్చింది, చెయ్యాల్సిందంతా చేసింది. "సరే, వెళ్ళొస్తానండీ. ఇక చూడొచ్చు," అంది. అక్క కళ్ళు తెరిచింది.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ఇన్నేళ్ళూ దెయ్యం వచ్చేముందు పోలిక, పోయాక సెలవు. ఆ రెంటి మధ్యే అక్క గింజలు ఏరుకునేది. నేను మెచ్చుకుని, ఆరాధించి, మా ఆవిడకి ఆదర్శంగా చూపించిన ధైర్యం అదన్నమాట.

ఆట అయ్యాక సెంగ్ షావుకారు మా బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పటికి అక్క పైకి వచ్చి, హుందాగా చొక్కా సర్దుకుని కూర్చుంది, జుట్టులో గింజలు మాత్రం అలాగే ఉన్నాయి.

"మొదటి సగం బ్రహ్మాండం," అన్నాడు షావుకారు. "ఆ అరుపు ఉందే, నా జన్మలో వినలేదు. రెండో సగంలోనే మళ్ళీ పాత పాట ఎత్తుకున్నాడు. మొదటి సగంలో ఉన్న పట్టు రెండో సగంలో లేదు."

సనో అన్న ఛర్రుమని లేచాడు. "ఏం? రెండో సగానికి ఏం తక్కువైందండీ?"

లారీ డ్రైవరు నవ్వాపుకోలేక చీకట్లోకి పరిగెత్తాడు.

అక్క లేచి నిలబడింది. "షావుకారు గారూ, ఆ అరుపు రోజూ రాదు. పోలికలు మాత్రం ప్రతి ఆటకీ ఉంటాయి. మా సనో అన్న పద్ధతి అంతే. ఆయన లేకుండా నేను సినిమా వేయను. కుదరదంటే రాచ్చబురి వాళ్ళకి నేనే కబురు చేస్తాను."

మెడలో దేవర దండ ఇంకా ఉందని షావుకారుకి అప్పుడు గుర్తొచ్చింది. కంగారుగా తీసి, కళ్ళకద్దుకున్నాడు.

"ఆ కుర్చీలో పడ్డాక లేవడానికి ధైర్యం చాలక రెండో సగమంతా అక్కడే కూర్చున్నానండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఏమాటకామాటే. అక్కడ కూర్చుని చూస్తే నాకూ నవ్వొచ్చింది. నాకే వచ్చిందో, దేవరకి వచ్చిందో. వచ్చే ఏడు ఈయన్నే పంపండి."

ఆయన వెళ్ళాక మేము తెర విప్పి మడుస్తుంటే అక్క వచ్చి తెర రెండో అంచు పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు.

"నాన్న నన్ను మొదటిసారి ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టిన రోజున ఏడ్చాను," అంది, మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా. "దెయ్యాలకి జడిసే పిల్ల కంపెనీ ఏం నడుపుతుందని నాన్న తిట్టాడు. తరవాత తరవాత భయం పోయింది. నాకు ధైర్యం వచ్చిందనుకున్నానురా చరూన్. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

"ధైర్యం మీదేనండీ అమ్మాయిగారూ," అన్నాడు సనో అన్న. "వేళ మాత్రం నేను చెప్పాను."

అక్క ఏదో అనబోయి, మడత సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టి వెళ్ళిపోయింది. నాకు సనో అన్న మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, ఆయన మా చంటివాడి ముక్కుని అన్న మాట కూడా ఆ పూటకి క్షమించేశాను.

"అన్నా, అవి ఎప్పుడెప్పుడొస్తాయో నీకెలా తెలుసు?" అని అడిగాను.

"రీళ్ళు రాగానే మిట్టమధ్యాహ్నం గోదాములో ఒక్కణ్ణే చూస్తాను."

"నీకు భయం వెయ్యదా?"

ఆయన చుట్టూ చూసి, చొక్కా గుండీ విప్పి చూపించాడు. మెడలో రక్ష కోసం వేసుకున్న బుద్ధుడి బిళ్ళలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. "చూసినంతసేపూ వీటిని నోట్లో పెట్టుకుంటాను," అన్నాడు. "అరిస్తే బయటికి వినపడకూడదు కదా."

కొన్నాళ్ళకి ఇంకో దెయ్యం సినిమా రీళ్ళు బస్సులో దిగాయి. ఈసారి మూడో భాగం. మధ్యాహ్నం భోజనాలయ్యాక సనో అన్న పెట్టె భుజాన వేసుకుని, ఉరికంబానికి వెళ్ళేవాడిలా గోదాము వైపు నడిచాడు. తలుపు మూయబోతుంటే అక్క వచ్చింది. ఒక చేతిలో తన కుర్చీ, ఒక చేతిలో పుచ్చగింజలు.

"జరుగు," అంది. "ప్రతిసారీ నువ్వొక్కడివే ఎందుకు చావాలి?"

తలుపు మూసుకుంది. బయట రోడ్డు మీద వేరుశనక్కాయలమ్మే ముసలమ్మ బుట్ట దించి నా పక్కన కూర్చుంది. కాసేపటికి లోపలనుంచి రెండు గొంతులు ఒక్కసారిగా, ఒకటే శ్రుతిలో గావుకేక పెట్టాయి.

"ఎలా ఉందట బాబూ సినిమా?" అంది ముసలమ్మ.

"బాగున్నట్టే ఉంది," అన్నాను.